ఏ పుస్తకం, ఎప్పుడు, ఎవరి చేతిలో: ఇంప్లాంట్ తర్వాత రేచీకటి బయటపడిన ఒక పాప కేస్

పిల్లలకు వినికిడి లోపం ఉందని తేలిన వారం పది రోజుల్లోనే తల్లిదండ్రులు అడిగే మాట ఒకటుంది. "మేడం, మేం చదువుకోవడానికి ఏదైనా మంచి పుస్తకం చెప్పండి." చూపు లోపం ఉన్న పిల్లల ఇళ్లలోనూ ఇదే మాట. పుస్తకాల పేర్లు చెప్పడం తేలిక. అందులో ఏ పేజీ ఈ నెల పనికొస్తుంది, దాన్ని ఇంట్లో ఎవరు చదువుతారు, అక్షరం రాని నాయనమ్మకు అది ఎలా చేరుతుంది అన్నదే అసలు పని. ఈ కేసులో రెండు లోపాలూ ఒకే పాపకు వేర్వేరు వయసుల్లో బయటపడ్డాయి. అందుకే వివరంగా రాస్తున్నాను. తల్లిదండ్రుల అనుమతి ఉంది. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

నేపథ్యం

ఖమ్మం వైపు ఒక పల్లె. తండ్రికి మూడెకరాల మిర్చి. తల్లి పదో తరగతి చదివింది. వాళ్లది మేనరికం, ఆమెకు అత్తగారే సొంత మేనత్త. కాన్పు మామూలుగానే జరిగింది, పుట్టిన చోట వినికిడి పరీక్ష చేయలేదు. పాప మెడ నిలపడం, కూర్చోవడం ఆలస్యమయ్యాయి. నడక 20 నెలలకు వచ్చింది. "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు" అని ఇంట్లో సర్దుకున్నారు. పిలిస్తే పలకడం లేదని ఏడాదిన్నర దాటాక బెరా పరీక్ష (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసేది) చేయిస్తే రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ దగ్గర కూడా స్పందన లేదు. కొన్నాళ్లు వినికిడి మిషన్లు పెట్టి చూశారు, ఫలితం లేదు. రెండేళ్ల ఎనిమిది నెలల వయసులో ప్రభుత్వ పథకం కింద ఒక చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ అయింది. ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం అది. బయట పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని తీసుకుని, తలకు అంటుకునే కాయిల్ ద్వారా దానికి పంపుతుంది. స్విచ్ ఆన్ అయ్యాక థెరపీకి నా దగ్గరికి వచ్చారు.

తోటి థెరపిస్టుల కోసం ఇక్కడే ఒక మాట. పుట్టుకతో తీవ్రమైన వినికిడి లోపం ఉండి, నడక 18 నెలలు దాటాక వచ్చిన పిల్లల్ని కంటి డాక్టరుకు చూపించమని రాసివ్వాలి. లోపలి చెవిలో వినికిడి భాగంతో పాటు బ్యాలెన్స్ భాగం కూడా పనిచేయకపోతే నడక ఆలస్యమవుతుంది. పుట్టుకతో వినికిడి లోపం, తర్వాత మెల్లగా చూపు తగ్గడం కలిసి వచ్చే జన్యు జబ్బు అషర్ సిండ్రోమ్. దాని మొదటి రకంలో కనిపించేది ఇదే. ఈ పాపకు కూడా ఆ సలహా ఫైల్లో రాసి ఇచ్చాం. మొదటిసారి చూసినప్పుడు కళ్లు బాగానే ఉన్నాయని చెప్పి, మళ్లీ తీసుకురమ్మన్నారు. కంటి వెనక పొర అయిన రెటీనాలో మార్పులు అంత చిన్న వయసులో పట్టుబడకపోవడం మామూలే.

మొదటి రోజు సంచిలో ఉన్నవి

తల్లి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. రిపోర్టులు, ఇంప్లాంట్ కంపెనీ ఇచ్చిన ఇంగ్లిష్ యూజర్ మాన్యువల్, పేజీకి పన్నెండు బొమ్మలున్న అక్షరమాల పుస్తకం, హైదరాబాద్‌లో ఉండే ఆడపడుచు కొనిచ్చిన లావుపాటి ఇంగ్లిష్ పేరెంటింగ్ పుస్తకం, ఊరి టీచర్ అభిమానంగా ఇచ్చిన, చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ జీవితం. ఆ చివరిదాన్ని తల్లి సగం చదివి ఆపేసింది. "భయమేసింది మేడం" అంది. అప్పటికి చూపు సంగతి ఎవరికీ తెలియదు.

ఆ ఐదింటిలో ముందు అక్కరకొచ్చేది మాన్యువల్. అందరూ పక్కన పడేసేది కూడా అదే. ప్రాసెసర్ పనిచేయని గంట పాపకు వినికిడి లేని గంటే. అందుకని నాలుగు పేజీల్లో తెలుగులో రాసిచ్చాం. పొద్దున లేవగానే బ్యాటరీ ఎలా చూడాలి, కాయిల్ అయస్కాంతం తలకు సరిగ్గా అంటిందో లేదో ఎలా తెలుసుకోవాలి, చెమట పట్టే వేసవిలో రాత్రిళ్లు డ్రై బాక్సులో ఎందుకు పెట్టాలి, ప్లాస్టిక్ జారుడుబల్ల ఎక్కేముందు ప్రాసెసర్ ఎందుకు తీయాలి. చివరి పేజీలో రోజూ చేయాల్సిన లింగ్ పరీక్ష: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. పాప వెనక కూర్చుని, నోరు కనపడకుండా ఈ ఆరు శబ్దాలూ అనాలి. వినపడినప్పుడల్లా పాప ఒక గింజ డబ్బాలో వేస్తుంది. ఈ నాలుగు పేజీలు వాళ్లింట్లో గోడకు అంటించుకున్నారు. పదో తరగతి చదివిన తల్లి తనంతట తాను మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి పుస్తకం అదే, దానికి అట్ట లేకపోయినా సరే.

నాయనమ్మ చెవితో చదివిన పుస్తకం

కుటుంబాల కోసం రాసిన పుస్తకాల్లో నేను ఎక్కువగా ఆధారపడేవి రెండు. రెండూ అమెరికాలోని హెస్పేరియన్ సంస్థవి. 'వైద్యుడు లేని చోట' అని మనవాళ్లకు తెలిసిన డేవిడ్ వెర్నర్ పుస్తకం వేసింది వీళ్లే. చూపు లోపమున్న పిల్లల కోసం 2000లో 'హెల్పింగ్ చిల్డ్రన్ హూ ఆర్ బ్లైండ్', వినికిడి లోపమున్న పిల్లల కోసం 2004లో 'హెల్పింగ్ చిల్డ్రన్ హూ ఆర్ డెఫ్' తెచ్చారు. మొదటిది రాసిన ఇద్దరిలో ఒకరు నమితా జేకబ్, చెన్నైలో ఈ రంగంలోనే పనిచేసే నిపుణురాలు. ఈ పుస్తకాల్లో బొమ్మలన్నీ పల్లెటూళ్లవి. బావి, పొయ్యి, చంకలో బిడ్డ, అరుగు మీద ముసలివాళ్లు. ఇంగ్లిష్ రాకపోయినా బొమ్మ చూసి సగం విషయం అందుతుంది. నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

పుస్తకం మొత్తం ఇవ్వలేదు. ఒక్కో విడతకు రెండు మూడు పేజీలు జిరాక్స్ తీసి, ఆ పేజీలో ఏముందో తెలుగులో చెప్పి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేదాన్ని. ఎందుకంటే పగలంతా పాప ఉండేది నాయనమ్మ దగ్గర. తల్లి మిర్చి కోతకు వెళ్తుంది. చదువు రాని మనిషికి కాగితం ఇస్తే ఆమె దాన్ని దేవుడి గూట్లో పెడుతుంది, అంతే. వాయిస్ మెసేజ్ మాత్రం సాయంత్రం పక్కింటి వాళ్లతో కలిసి విన్నారు. బొమ్మ చేతిలో, మాట ఫోన్లో. ఇల్లు ఊడుస్తూ, బియ్యం ఏరుతూ పాపతో ఏం మాట్లాడాలన్న పేజీ ఆమె పట్టుకున్నంతగా తల్లి కూడా పట్టుకోలేదు.

ఆ రెండు పుస్తకాల్లోనూ పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి ఎలా కాపాడుకోవాలన్న అధ్యాయం ఉంది. చాలా ఇళ్లు దాన్ని తిప్పేస్తాయి, చాలామంది థెరపిస్టులూ తిప్పేస్తారు. జరిగింది చెప్పుకోలేని పిల్లలకే ఆ ముప్పు ఎక్కువ. తల్లినీ నాయనమ్మనూ ఇద్దర్నే కూర్చోబెట్టి ఆ అధ్యాయం చెప్పాను. శరీర భాగాల పేర్లు పాపకు రంగుల పేర్లతో పాటే నేర్పించాం.

పాప సొంత పుస్తకం

కథల పుస్తకాలకు కొదవ లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. తూలిక అనే ప్రచురణ సంస్థ వాళ్ల తెలుగు బొమ్మల పుస్తకాలున్నాయి. కానీ భాష అప్పుడే మొదలవుతున్న పిల్లకు పులి కథ కంటే నిన్న జరిగింది దగ్గర. అందుకని ఇంప్లాంట్ పిల్లలందరితో చేయించే అనుభవాల పుస్తకమే ఇక్కడా మొదలుపెట్టించాం. రెండొందల పేజీల నోట్‌బుక్, గమ్ సీసా, రోజుకో పేజీ.

మొదట్లో తల్లి రాసినవి ఇలా ఉండేవి: బస్సు బొమ్మ గీసి కింద "బస్సు". ఆవు బొమ్మ, కింద "ఆవు". అది మళ్లీ అక్షరమాల పుస్తకమే. పాప దాన్ని ఒకసారి చూసి మూసేసేది. పేరు రాయకుండా జరిగింది రాయమన్నాం. ఆ తర్వాతి వారం తెచ్చిన పేజీ నాకిప్పటికీ ఉదాహరణగా పనికొస్తుంది. పైన నలిగిన ఆర్టీసీ టికెట్ అంటించింది. పక్కన వేరుశెనక్కాయ పొట్టు. కింద తల్లి గుండ్రటి అక్షరాల్లో: "అమ్మమ్మ ఊరికి పోయినం. బస్సులో పల్లీలు తిన్నం. ఒక్క పల్లీ కింద పడింది. అయ్యో, పాయె!" 'అయ్యో, పాయె' అన్న మాట దగ్గర పాప వేలు పెట్టి, తల్లి మొహం చూసి, ఆ మాట వచ్చేదాకా కదల్లేదు. ఆ ఇంట్లో పాప నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాటల్లో "పాయె" ఒకటి. ఇంట్లో మాట్లాడే భాషే పుస్తకంలో ఉండాలని అందుకే చెప్తాను. పోయాము, తిన్నాము అని దిద్దనక్కర్లేదు. పాప వినేది రోజూ ఇంట్లో వినపడే మాటే కదా.

చదివే పద్ధతి కూడా చూపించాం. పేజీ తెరవకముందే మాట చెప్పాలి: "మనం బస్సెక్కినం కదా!" పాప విని, ఆలోచించి, ఆ తర్వాత పేజీ చూడాలి. చూశాక మళ్లీ చెప్పాలి. ముందు చెవికి, తర్వాత కంటికి, మళ్లీ చెవికి. "ఇదేంటి? ఇదేంటి?" అని పరీక్ష పెట్టకూడదు. తండ్రికి ఈ అలవాటు మానడం కష్టమైంది. పుస్తకం పట్టుకోగానే ఆయనకు బడి గుర్తొచ్చేది. కొన్నాళ్లకు పొలంలో తీసిన ఫోటోలు ఆయనే ప్రింట్ వేయించి తెచ్చి అంటించడం మొదలుపెట్టాక కథ చెప్పడం వచ్చింది. పాపకు ఐదేళ్లు నిండేసరికి మూడు నాలుగు మాటల వాక్యాలు మాట్లాడేది. ఊరి అంగన్‌వాడీ దాటి బడిలో చేరింది.

రెండో కబురు

ఆరేళ్లు దాటాక సాయంత్రాల్లో తూలిపోతోందని తల్లి చెప్పింది. పగలు పరుగులు పెట్టే పిల్ల దీపాలు పెట్టే వేళకు గోడ పట్టుకుని నడుస్తోంది. కింద పెట్టిన చెంబు తన్నుకుంటోంది. ఈసారి హైదరాబాద్‌లో కంటి పరీక్షలన్నీ అయ్యాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే రెటీనా మెల్లగా దెబ్బతిని ముందు రేచీకటి, తర్వాత చుట్టుపక్కల చూపు తగ్గే జబ్బు. వెలుతురుకు రెటీనా ఎలా స్పందిస్తుందో కొలిచే ఈఆర్జీ పరీక్షలో స్పందన దాదాపు లేదు. ఎదురుగా చూసే చూపు 6/12 ఉంది (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేది పాప 6 మీటర్ల నుంచి చదువుతుంది), కానీ చుట్టుపక్కల చూపు 30 డిగ్రీల లోపలికి వచ్చేసింది. జన్యు పరీక్షలో ఎంవైఓ7ఏ జన్యువులో రెండు కాపీలూ దెబ్బతిన్నట్లు తేలింది. అషర్ సిండ్రోమ్, మొదటి రకం. ఈ జబ్బుకు ఆ పేరు చార్ల్స్ అషర్ అనే బ్రిటిష్ కంటి డాక్టర్ వల్ల వచ్చింది. ఇది కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుందని ఆయన 1914లో రాశారు.

ఇంట్లో తుఫాను రేగింది. తప్పు ఎవరిదన్న మాట మొదలైంది. ఆ వారం పుస్తకం ఏదీ ఇవ్వలేదు. నాయనమ్మను, తల్లిని, తండ్రిని కలిపి కూర్చోబెట్టి చింతగింజలు తెప్పించాను. పొట్టు తీసినవి కొన్ని, తీయనివి కొన్ని. ప్రతి మనిషికీ రెండు గింజలు. తండ్రి దగ్గర ఒకటి నల్లది, ఒకటి తెల్లది. తల్లి దగ్గరా అంతే. తెల్లది దెబ్బతిన్న జన్యువు. అది ఒక్కటే ఉంటే ఏ జబ్బూ కనపడదు, అందుకే ఇద్దరూ బాగున్నారు. బిడ్డకు చెరొక గింజ ఇస్తారు. రెండు తెల్లవి కలిసే అవకాశం నాలుగింట ఒకటి, ప్రతి కాన్పుకూ అంతే. ఆ తెల్ల గింజ ఇద్దరికీ ఎక్కణ్నుంచి వచ్చి ఉంటుందని నాయనమ్మే అడిగింది. ఆమె, కోడలి తండ్రి ఒక తల్లి పిల్లలు. ఆ గింజ వాళ్ల పుట్టింటిదే అయ్యుండొచ్చు, వాళ్లకూ తెలియకుండా వచ్చింది అని చెప్పాను. ఆమె చాలాసేపు గింజలు చూసి, "అయితే ఇది ఒక్క కోడలి తప్పు కాదు, ఎవరి తప్పూ కాదన్నమాట" అంది. కోడలి ఎదురుగా ఆ మాట రావడం ఏ పుస్తకం చదివించినా జరిగేది కాదు. ఆ తర్వాత నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లి కౌన్సెలింగ్ తీసుకున్నారు.

హెలెన్ కెల్లర్ పుస్తకం మళ్లీ చర్చకొచ్చింది. ఈసారి ముగ్గురు నలుగురు బంధువులు అదే తెచ్చిచ్చారు. కెల్లర్‌కు 19 నెలల వయసులో ఒక్క జబ్బుతో చూపు, వినికిడి రెండూ పోయాయి. అప్పటికి ఇంప్లాంట్ అన్నది లేదు. మన పాప వింటోంది, మాట్లాడుతోంది, ఎదురుగా ఉన్నది చదువుతోంది. ఈ జబ్బులో మధ్య చూపు చాలా ఏళ్లు నిలుస్తుంది. 1903లో వచ్చిన ఆ ఆత్మకథ గొప్పది, నాకెంతో ఇష్టం. కానీ రిపోర్టు చేతికొచ్చిన నెలలో అది చదివిన తల్లి రేపే చీకటి పడుతుందని అనుకుంటుంది. ఆ పుస్తకాన్ని పైన అటక మీద పెట్టించి, అషర్‌తో ఉద్యోగం చేస్తున్న ఒక పెద్దామెతో ఫోన్లో మాట్లాడించాను. అరగంట మాట్లాడాక తల్లి అడిగిన మొదటి ప్రశ్న, "ఆమె వంట ఎట్లా చేస్తుంది మేడం?"

పెద్దక్షరాలు ఎందుకు వద్దన్నాం

చూపు తగ్గిందనగానే అందరికీ తోచేది పెద్దక్షరాల పుస్తకం. బడి సారు మంచి మనసుతో తెలుగు వాచకం మొత్తాన్ని పెద్ద కాగితాల మీద జిరాక్స్ తీయించారు. పాప దాన్ని చదవలేక విసుక్కుంది. మామూలు పుస్తకమైతే చక్కగా చదివింది. చుట్టూ చూపు పోయి మధ్యలో చిన్న కిటికీ మిగిలినప్పుడు అక్షరం పెద్దదైతే ఆ కిటికీలో పట్టేవి రెండే అక్షరాలు. ఒత్తు, గుణింతం, పక్క అక్షరం విడివిడిగా వెతుక్కోవాలి. అందుకే మామూలు సైజు, కాకపోతే అంతకంటే కొంచెం పెద్దది, అంతే.

మిగతా మార్పులు ఖర్చు లేనివి. నల్ల చార్టులో ఒక లైను పట్టేంత చీలిక కోసి పేజీ మీద పెడితే, లైను తప్పిపోవడం ఆగింది. మెరిసే కాగితం మీద వెలుతురు తళుక్కుమంటుంది కాబట్టి కథలు మామూలు కాగితం మీద ప్రింట్ తీయించాం. లైటు మొహం మీద కాకుండా భుజం వెనక నుంచి పుస్తకం మీద పడాలి. రెండు పేజీల నిండా జనం, చెట్లు, మేకలు ఉన్న సంత బొమ్మ పాపకు ముక్కలు ముక్కలుగా అందుతుంది. అలాంటి పేజీ దగ్గర ముందు బొమ్మ మొత్తాన్ని మాటల్లో చెప్పి, తర్వాత పై ఎడమ మూల నుంచి వరుసగా వెతకనివ్వాలి.

హెస్పేరియన్ వాళ్ల చూపు పుస్తకం చిన్నపిల్లల కోసం రాసింది, చాలా పేజీలు పుట్టుకతో చూపు లేని పిల్లల గురించి. వాటిని వదిలేశాం. ఇంటి లోపల దారి గుర్తులు ఎలా పెట్టుకోవాలి, కొత్త వస్తువును చేతితో ఎలా పరిచయం చేయాలి అన్న పేజీలు మాత్రం తీసుకున్నాం. గడపకు పసుపు ఎలాగూ రాస్తారు. మెట్ల అంచుకూ ఆ రంగే వేశారు.

రాత్రి పుస్తకం

ఈ కేసులో నేను ఎక్కువ రోజులు ఆలోచించింది రాత్రి గురించి. పడుకునేటప్పుడు ప్రాసెసర్ తీస్తారు, వినికిడి ఆగిపోతుంది. లైటు తీస్తారు, రేచీకటి వల్ల చూపూ ఆగిపోతుంది. ఒక్క నిమిషంలో రెండూ మూసుకుపోతాయి. పాప ఆ సమయానికి ఏడవడం, తల్లి జుట్టు పట్టుకుని వదలకపోవడం అందరూ మారాం అనుకున్నారు. ఆ ఏడుపు మారాం కాదు, నిజమైన భయం.

కథ చెప్పే సమయాన్ని ముందు పొద్దు వాలకముందుకు మార్చాం. తర్వాత తల్లి, నాయనమ్మ కలిసి గుడ్డతో ఒక పుస్తకం కుట్టారు. పాత నేత చీర పేజీలు, జానెడు సైజు, ఎనిమిది పేజీలు. ప్రతి పేజీ మీద చేతికి తగిలే వస్తువు ఒక్కటే. మొదటి పేజీలో తల్లి గాజు: అమ్మ పక్కనే ఉంది. రెండో పేజీలో చిన్న స్టీలు గ్లాసు మూత: నీళ్లు కావాలా. తర్వాత కొబ్బరి తాడు ముక్క, బాత్రూం దాకా గోడ వెంట కట్టిన తాడుది అదే ముక్క. దూది పేజీ: దుప్పటి. బొత్తాం పేజీ: నాన్న, ఆయన చొక్కాది. గరుకు గోనె ముక్క: ఏదో నొప్పిగా ఉంది. నాయనమ్మ ముక్కుపుడక లాంటి పూస: నాయనమ్మ. ఆఖరి పేజీ ఖాళీ, మెత్తటి గుడ్డ: ఇక పడుకుందాం.

చదివించే తీరు ముఖ్యం. పాప చెయ్యి పట్టి వస్తువు మీద పెట్టకూడదు. తల్లి తన చెయ్యి కిందుగా పెట్టాలి, దాని మీద పాప చెయ్యి ఉంటుంది. రెండు చేతులూ కలిసి వస్తువును తడుముతాయి. పాపకు ఇష్టం లేకపోతే చెయ్యి తీసేసుకునే వీలుంటుంది. బధిరాంధ (వినికిడి, చూపు రెండూ లోపించిన) పిల్లలతో పనిచేసేవాళ్లందరూ పాటించే పద్ధతి ఇది. ముందు రెండు వారాలు లైటు వేసి, ప్రాసెసర్ పెట్టుకునే చదివారు. తర్వాత లైటు ఉంచి ప్రాసెసర్ తీశారు. ఆ తర్వాత రెండూ లేకుండా. పాప తనకు కావాల్సిన పేజీ తీసి తల్లి చేతిని దాని మీద పెట్టడం మొదలుపెట్టాక ఏడుపు తగ్గింది. గోనె పేజీ తీసిన ఒక రాత్రి చూస్తే చెవిలో చీము. పుస్తకం లేకపోతే అది తెల్లారేదాకా తెలిసేది కాదు. ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు చెవి ఇన్ఫెక్షన్‌ను ఆలస్యం చేయకూడదు.

సైగలు కూడా కొన్ని నేర్పించాం. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రిసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ వాళ్ల నిఘంటువులో 2021 నాటికే పది వేల మాటల వీడియోలున్నాయి. ప్రాసెసర్ లేని వేళ, బావి దగ్గర స్నానం చేసే వేళ పనికొచ్చే మాటలు ఎంచుకున్నాం. చేతులు ఛాతీ దగ్గరే ఆడించాలి, చాపితే పాప కిటికీ దాటిపోతాయి. ఒంటిరంగుకు తేడాగా కనపడే గళ్లు లేని జాకెట్ వేసుకోవాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడి సైగ చేస్తే ఏమీ కనపడదు.

బ్రెయిల్ మీద తండ్రితో మాట

వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి బ్రెయిల్ పాపకు ఇప్పుడే నేర్పిద్దామన్నాను. "కళ్లు కనపడుతుంటే చుక్కలెందుకు మేడం? ఇప్పట్నుంచే గుడ్డిదని ముద్ర వేసినట్టు కాదా?" తండ్రి అడిగిన ఈ ప్రశ్నలో కోపం కన్నా బాధే ఎక్కువ. నేను చెప్పింది: పాప కళ్లతోనే చదువుతుంది, చదివినన్నాళ్లు చదవనిద్దాం. ఎనిమిదేళ్ల వేళ్లు ఆటలా నేర్చుకునేది ఇరవై ఏళ్లకు దుఃఖంతో నేర్చుకోవాల్సి వస్తుంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నేనూ తొందరపెట్టలేదు. బ్రెయిల్‌లో ఒక్కో అక్షరం ఆరు చుక్కల గడి కాబట్టి, కోడిగుడ్ల ట్రేలో ఆరు గుంటల ముక్క కత్తిరించి, నిమ్మకాయలతో ఆట మాత్రం మొదలుపెట్టాం.

దేశ భాషలన్నిటికీ ఒకే చుక్కలుండేలా రూపొందించిన భారతి బ్రెయిల్ 1951 నుంచి ఉంది. మన లిపి తెలిసినవాళ్లకు అందులో ఒక సుఖం ఉంది. గుణింతాలు, ఒత్తులు పైకీ కిందికీ పోవు, అన్నీ ఒకే వరుసలో పక్కపక్కన వస్తాయి. క తర్వాత ఇ పెడితే కి. అ అంటే ఒక్క చుక్క. ఒత్తుల దగ్గర తడబడే పాపకు ఇది నచ్చింది. తండ్రికి కూడా ఆసక్తి కలిగింది ఇక్కడే. మిర్చి బస్తాల మీద తన పేరు చుక్కల్లో పొడిచి తెచ్చి, "చదువు చూద్దాం" అన్నాడు.

ఆడియో పుస్తకాల సంగతి క్లుప్తంగా చెప్తాను. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ 2016లో మొదలైంది, ముద్రించిన అక్షరం చదవలేనివాళ్లకు ఉచితం. సభ్యత్వం తీసుకున్నాం. కానీ ఇంప్లాంట్‌తో వినే పిల్లలకు మిషన్ గొంతు మనిషి గొంతంత తేలిగ్గా అందదు. అక్షరాలు చూస్తూ వింటేనే సాగుతోంది. నెమ్మదిగా చేయిస్తున్నాం. ఏదైనా పుస్తకాన్ని ఇలాంటి పిల్లల కోసం మరో రూపంలోకి మార్చడానికి లాభాపేక్ష లేనంత వరకు ప్రచురణకర్త అనుమతి అక్కర్లేదు, 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. చూపు లోపమున్నవాళ్లకు పుస్తకాలు అందేలా చేసిన మర్రకేష్ ఒప్పందాన్ని ప్రపంచంలో అందరికంటే ముందు 2014లో ధ్రువీకరించిందీ మన దేశమే. బడిలో ఎవరైనా "కాపీ తీయకూడదేమో" అంటే ఇది చెప్పండి.

సర్టిఫికెట్ దగ్గర ఒక చిక్కు వచ్చింది. వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో 6/12 చూసి చూపు లోపం లేదనబోయారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు ఎంత దూరం ఆనుతుందన్నదే కాదు, ఎంత వెడల్పు కనపడుతుందన్నదీ లెక్కే. మెరుగైన కంటిలో 40 డిగ్రీల లోపైతే తక్కువ చూపు కిందికి వస్తుంది. ఫీల్డ్ టెస్ట్ కాగితం చూపించాక సరిపోయింది. ఈ రిపోర్టు జిరాక్స్ ఎప్పుడూ సంచిలో ఉండాలి.

ఇప్పుడు

పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. పగటి వెలుతురులో మామూలు వాచకం చదువుతుంది. బ్రెయిల్‌లో చిన్న మాటలు చదువుతుంది, రాయడం ఇంకా రాలేదు. అనుభవాల నోట్‌బుక్కులు తనే రాసుకుంటోంది. తల్లికి మళ్లీ బాబు పుట్టాడు. ఈసారి పుట్టిన వారంలోనే వినికిడి పరీక్ష చేయించారు, తర్వాత బెరా కూడా బాగానే వచ్చింది.

వచ్చే ఏడాది తర్వాత బడి మారాలి, కొత్త టీచర్లు వస్తారు. వాళ్ల కోసం తల్లి ఇప్పుడు చిన్న పరిచయ పుస్తకం రాస్తోంది, పాప గొంతుతో, పేజీకి ఒక్క విషయం. "నన్ను పక్క నుంచి కాదు, ముందుకొచ్చి పిలవండి." "నా ప్రాసెసర్ లైటు ఎర్రగా మెరిస్తే బ్యాటరీ మార్చాలి, స్పేర్ నా జామెట్రీ బాక్సులో ఉంది." "కింద పెట్టిన సంచీలు నాకు కనపడవు." "పరీక్షలో నాకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల కాపీ వెనక అంటించాం." ఎండలోంచి గదిలోకి రాగానే కళ్లు సర్దుకునేదాకా పాపను గుమ్మం దగ్గర ఆగనివ్వాలన్న పేజీ, ఆటల పీరియడ్ పేజీ ఇంకా రాయాల్సి ఉంది. బ్యాలెన్స్ సమస్య వల్ల కళ్లకు గంతలు కట్టే ఆటలు, గోడల మీద నడిచే ఆటలు వద్దు, చీకట్లో ఈత అసలే వద్దు. పరుగు పందెం మాత్రం పగలు నిక్షేపంగా ఆడొచ్చు. ఈ వాక్యం తప్పకుండా రాయమని పాప తల్లికి రెండుసార్లు చెప్పింది.